రెండు రేవులు, ఒకే అబద్ధం

నా మనవరాలు అబద్ధమాడుతుందని ఎవరైనా అంటే నోరు మూయించేదాన్ని. అలాంటిది, అది ఒకే అబద్ధాన్ని నెలల తరబడి సాకిందని తెలిసిన రోజు గరిటె పట్టిన చెయ్యి పట్టినట్టే ఉండిపోయింది.

నది అవతల మహానగరం. ఇవతల ఒకదాన్నొకటి ఆనుకుని రెండు ఊళ్ళు, మధ్యన ఒక సందు. మా రేవు మాది, వాళ్ళ రేవు వాళ్ళది. మునిగిపోయినా సరే, ఒకరి లాంచీ ఇంకొకరు ఎక్కరు.

మనవరాలు నగరంలో కళ్ళజోళ్ళ షాపులో చేసేది. ఓ రోజు షట్టర్ తాళం మొరాయిస్తే బాగుచెయ్యడానికి ఓ కుర్రాడొచ్చాడట. అతనిచ్చిన కొత్త తాళంచెవి తిరగలేదని ఇది దులిపేసింది. అతను తాపీగా, "తలకిందులుగా పెట్టారండీ. మీ షాపులోనే ఓ జోడు తీసుకోరాదూ?" అన్నాడు. అదీ మొదలు.

లాంచీలో వచ్చేవాళ్ళంటే నగరంలో చిన్నచూపు. అందుకే ఇల్లెక్కడని అడిగితే ఇది గడియార స్తంభం వెనకే అనేసింది. అతను పార్కు పక్కన అన్నాడు. రోజూ స్తంభం దాకా దిగబెట్టేవాడు. ఇది ఎవరిదో మేడ మెట్లెక్కి, అతను మలుపు తిరగ్గానే దిగి, చెప్పులు చేత పట్టుకుని రేవుకి పరుగు.

ఓ సాయంత్రం గాలివాన. వాళ్ళ రేవు మూసేసి, అందరినీ మా లాంచీలోకే ఎక్కించారు. ఇది చున్నీ పిండుకుంటూ తలెత్తితే ఎదురుగా తాళాలబ్బాయి, చేతిలో వాళ్ళ రేవు సీజన్ పాస్.

సగం నది దాటాక అతనే అడిగాడు.

"స్తంభాన్ని ఇటు ఎప్పుడు మార్చారండీ?"

"మీ పార్కుని మార్చిన రోజే."

తీరా చూస్తే ఇద్దరి భయమూ ఒకటే. ఇవతలి ఒడ్డని తెలిస్తే ఇక మాట్లాడరేమోనని.

సరిహద్దు సందు దాకా దిగబెడతానని వచ్చాడు. అక్కడ ఇది మా వంటింటి కిటికీ చూపించింది. అతను దాని ఎదురు కిటికీ చూపించాడు.

ఆ అలికిడికే నేను కిటికీ తీశాను. సందులో నీళ్ళెవరు పారబోశారని ఎదురింటావిడతో గొడవపడ్డ నాడు వేసిన గడియ అది. గుమ్మాలు వేరే వీధుల్లోకి, కాబట్టి మళ్ళీ ముఖాలు చూసుకోలేదు.

"అమ్మమ్మా, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను," అంది మనవరాలు.

ఇంతలో ఎదురు కిటికీ తెరుచుకుంది. ఆవిడే, నా పాత పగ. కుర్రాడికి నాయనమ్మట. కాదంటుందనుకున్నాను. ఇది కూడా అదే అనుకున్నట్టుంది, తలొంచుకుంది.

ఆవిడ పిల్లని ఎగాదిగా చూసి, "పిల్ల తడిసిపోతోంది. లోపలికి రమ్మను," అంది.

"ఏ ఇంట్లోకి?" అన్నాను.

"ఇవాళ్టికి మీ ఇంట్లోకి. పెళ్ళయ్యాక మా ఇంట్లోకి."

చేతిలో గరిటెతోనే పిల్లని లోపలికి రమ్మని సైగ చేశాను.

ఆ కిటికీ గడియ తుప్పుపట్టి మళ్ళీ పడలేదు. బాగుచెయ్యమంటే మా తాళాలబ్బాయి ఈనాటికీ తీరిక లేదంటాడు.