టిక్ పెట్టని ఎత్తు

కొత్త సిస్టమ్‌ని ఏడాది పాటు పరీక్షించిన కంట్రోలర్ గురువారం ఉదయం తన కారులో చనిపోయి కనిపించాడు. సీటు బెల్టు పెట్టుకునే ఉన్నాడు. ఇంజను ఆగలేదు. డాక్టరు గుండెపోటు అన్నాడు. మెడ వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

గంట తర్వాత గుమాస్తా తన శాఖ అధిపతి ముందు కూర్చుని ఉన్నాడు.

గుమాస్తా అతని పేరు కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా గూఢచారి. ఏ ఆఫీసులో నిలబెట్టినా అక్కడే పుట్టి పెరిగిన గుమాస్తాలా కనిపిస్తాడని శాఖవాళ్లు పెట్టిన పేరది. అతనికి వేరే మారువేషం ఎప్పుడూ అవసరం రాలేదు. ఎడమ మోకాలు నొప్పి, మూడు నెలలుగా నిద్రలేమి. ఈ రెండూ వేషంలో భాగమేనని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు.

అధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఫైలులోంచి తలెత్తకుండానే "కూర్చో" అన్నాడు.

"కూర్చునే ఉన్నాను సార్."

"అయితే లేవకు. ఆదివారం పదకొండు గంటలకి దేశం మొత్తం మీద విమానాల కంట్రోలు కొత్త సిస్టమ్‌కి మారుతుంది. ఇక కాగితాలుండవు. పైలట్‌తో మాటలుండవు. కంట్రోలర్ స్క్రీన్ మీద నొక్కుతాడు, కాక్‌పిట్‌లో మెసేజ్ పడుతుంది. సరిగ్గా అదే టైముకి పొరుగు దేశం ప్రతినిధుల విమానం మన ఆకాశంలోకి వస్తుంది. పదేళ్ల గొడవ తర్వాత సంతకాలు పెట్టడానికి."

"గొడుగు ముఠా?"

"ఇంకెవరు! రెండు వైపులా తుపాకులమ్మేవాళ్లకి సంతకాలంటే గిట్టదు కదా. ఏదో చేస్తారు. ఏం చేస్తారో కనిపెట్టినవాడు ఇవాళ పొద్దున పోయాడు. వాడి జేబులో దొరికిందిది."

జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉన్న కాగితం ముక్క. కంట్రోలర్లు దీన్ని స్ట్రిప్ అంటారు. ఒక్కో విమానానికి ఒక్కో స్ట్రిప్. దాని మీద విమానం నంబరు, దారి, టైము, ఎత్తు. అన్నీ గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. ఎత్తు గడిలో ముప్పై అయిదు వేలు అని ఉంది.

"ఆ నంబరు విమానం పోయిన నెల టెస్ట్ కోసం ఎగిరింది, క్షేమంగా దిగింది. అంతకు మించి మన కోడ్ సెక్షన్‌కి ఇంకా ఏమీ దొరకలేదు" అని పెద్దాయన కళ్లజోడు తీశాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే తర్వాత వచ్చేది మంచిమాట కాదు. "కంట్రోల్ భవనంలో ముఠాకి ఒక మనిషి ఉన్నాడు. కొత్త సిస్టమ్ వద్దని మూడు ఉత్తరాలు రాసిన సీనియర్ సూపర్‌వైజర్ మీద మాకు అనుమానం. రోజూ క్యారియర్‌లో ఏదో దాచి తీసుకొస్తున్నాడని కబురు."

గుమాస్తా స్ట్రిప్‌ని మడవకుండా జేబులో పెట్టుకున్నాడు.

"సార్, ఆయన మా అక్క మొగుడు."

"తెలుసు. అందుకే నిన్ను పంపేది. నీ మీద అనుమానం రాదు. ఆ స్ట్రిప్ మాత్రం ఆయనకి చూపించకు. అనుమానితుడికి సాక్ష్యం చూపించకూడదని రూలు."

బయట కారిడార్‌లో ల్యాబ్‌వాడు ఆపి ఒక పెన్ను చేతిలో పెట్టాడు. "టాప్ నొక్కితే ఘాటు గ్యాస్ వస్తుంది సార్. కాకపోతే చిన్న సమస్య. బిగించేటప్పుడు తిరగేసి బిగించాం. నొక్కినవాడి మొహం మీదకే కొడుతుంది."

"మరి నాకెందుకు?"

"వెనక్కి తీసుకోవాలంటే మూడు పేజీల ఫారం నింపాలి."

గుమాస్తా పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

---

కంట్రోల్ భవనంలో అతను స్టోర్‌కీపర్ అయ్యాడు. ఎప్పుడూ కిటికీ తెరవని గది, దుమ్ము పట్టిన ర్యాకులు, నడుముకి అన్ని గదుల తాళాలూ ఉన్న గుత్తి. పనల్లా పాత సామాను దింపించి లెక్కపెట్టడమే. స్ట్రిప్‌లు బిగించే ప్లాస్టిక్ చట్రాలు రెండు వందల నలభై ఉండాలి. రెండు వందల ముప్పై తొమ్మిదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. అంతే.

బావ శుక్రవారమే అతన్ని పట్టుకున్నాడు.

"ఏమోయ్ బావమరిదీ! సెక్రటేరియట్‌లో ఏవో ఫైళ్లు మోస్తున్నావనుకున్నా. ఇక్కడ కుర్చీలు మోస్తున్నావా?"

"డెప్యుటేషన్ బావా."

"డెప్యుటేషనో డిమోషనో! మీ అక్కకి చెప్పనులే, ఏడుస్తుంది. పైగా ఇప్పుడు తను మాంచి హుషారు మీదుంది. ఆదివారం నా ఆఖరి డ్యూటీ. సాయంత్రం నాలుగింటికి రైలు. పది రోజులు కొండల్లో తిరిగొస్తాం."

"రైలా? ముప్పై ఆరేళ్లు విమానాలు నడిపించి..."

"అందుకేరా రైలు. నేల మీదుంటుంది."

ఆ నవ్వులో మోసం ఉందా లేదా అని గుమాస్తా వెతికాడు. తన పెళ్లిలో తన చెప్పులు తనే దాచి, పోయాయని బావమరిది చేత కొత్త జత కొనిపించి, చివరికి రెండు జతలూ తనే వేసుకు తిరిగిన మనిషి ఇతను. అలాంటివాడి మొహంలో ద్రోహం వెతకడం మోకాలి నొప్పికన్నా ఎక్కువ బాధగా ఉంది. బావ చేతిలోని క్యారియర్ సంచి ఉండాల్సిన దానికన్నా పొడవుగా ఉంది. అదీ చూశాడు. చూడకపోతే బాగుండేది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒకామె వచ్చి ఎదురుగా కూర్చుంది. చెవులకి ముత్యాలు, ముదురాకుపచ్చ చీర, ఆమె నడిచొస్తుంటే చెంచాల చప్పుడు ఆగిపోయింది. కొత్త సిస్టమ్ అమర్చిన కంపెనీలో పెద్ద నిపుణురాలు.

"ఈ ఫ్యాను తిరుగుతోందా?" అంది.

"తిరిగినా గాలి రాదు" అన్నాడు గుమాస్తా. కోడ్ సరిపోయింది. ముఠాలో చేరినట్టు నటిస్తూ శాఖకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ ఈమే. బావ మీద కబురు పంపింది కూడా ఈమే.

"రెండు పేర్లు, రెండు ఫోన్లు" అంది ముత్యాలావిడ, కణతలు నొక్కుకుంటూ. "పొద్దున లేవగానే ఇవాళ ఎవరికి అబద్ధం చెప్పాలో గుర్తు తెచ్చుకోవడానికే పావుగంట పడుతోంది. మీకు విసుగు రాదా?"

"వచ్చి చాలా ఏళ్లయింది. వెళ్లడం లేదు."

ఆమె నిజంగానే నవ్వింది. "ఆ సూపర్‌వైజర్ని ఆదివారం పదిన్నరకల్లా గదిలోంచి తప్పించండి. పదకొండుకి ఆయన సీట్లో ఉండకూడదు."

---

ఆదివారం, పదిన్నర ఎప్పుడో దాటింది.

కంట్రోల్ రూమ్‌లో కొత్త స్క్రీన్లు నీలంగా మెరుస్తున్నాయి. అద్దాల గ్యాలరీలో మంత్రి, వెనక కెమెరాలు. గుమాస్తా బావని స్టోర్‌లోకి పిలిచి తలుపు వేశాడు.

"బావా, ఆ సంచి తియ్యండి."

"ఏంట్రా?"

"తియ్యండి బావా. నేను స్టోర్‌కీపర్ని కాదు."

బావ అతని మొహంలోకి చూశాడు. ఆ చూపుకి గుమాస్తా తల దించుకున్నాడు. సంచిలోంచి క్యారియర్, దాని పక్కనే ఒక ప్లాస్టిక్ చట్రం, ఖాళీ స్ట్రిప్‌ల కట్ట బయటికొచ్చాయి. లెక్కలో తగ్గిన ఆ ఒక్కటి.

"ఇదా మీరు దాస్తున్నది?"

"కాగితం నిషేధమన్నారు. నాకు చేత్తో రాయకపోతే బుర్రకెక్కదు. ఒళ్లో పెట్టుకుని రాసుకుంటున్నా. దొంగనంటావా? పట్టుకో." బావ చట్రాన్ని అతని ముందుకు తోశాడు. "మూడు రోజుల నుంచీ దీని కోసమా నా వెనక తిరిగావ్?"

గుమాస్తా ఇరవై ఎనిమిదేళ్లలో రూలు తప్పలేదు. అలాంటిది, జేబులోంచి చనిపోయిన కంట్రోలర్ స్ట్రిప్ తీసి బావ చేతిలో పెట్టాడు.

బావ చదవడానికి మూడు సెకన్లు పట్టింది. కోడ్ సెక్షన్‌కి మూడు రోజులు సరిపోలేదు.

"ఎత్తు పక్కన టిక్ లేదు" అన్నాడు.

"అయితే?"

"పైలట్ మొదటిసారి పిలిచినప్పుడు తన ఎత్తు నోటితో చెప్పాలి. అది విని, స్క్రీన్‌తో పోల్చి, అప్పుడు టిక్ పెడతాం. ఇది రాసినవాడు నా దగ్గర పని నేర్చుకున్నాడురా. అన్నం మర్చిపోతాడు గానీ టిక్ మర్చిపోడు. పెట్టలేదంటే అర్థం ఒకటే. స్క్రీన్ ముప్పై అయిదు వేలంటోంది, పైలట్ నోట ఎవరూ వినలేదు."

"స్క్రీన్ అబద్ధం చెబితే?"

"విమానంలో ఎత్తు చెప్పే పెట్టె ఒకటుంటుంది. స్క్రీన్ దాని మాటే నమ్ముతుంది. ఎదురుగా వచ్చే విమానంలో ఢీకొనకుండా హెచ్చరించే యంత్రం కూడా దాని మాటే నమ్ముతుంది. ఆ పెట్టెని ఎవడైనా మార్చి, ఇక్కడ మెసేజ్‌ని కూడా మారిస్తే..." బావ ఆగాడు. "ఇవాళ ప్రతినిధుల విమానానికి మేం ముప్పై అయిదు అని పంపుతాం. వాళ్లకి ముప్పై మూడు అని చేరుతుంది. స్క్రీన్ మీద మాత్రం ముప్పై అయిదే కనిపిస్తుంది. పాత పద్ధతిలో అయితే ఒక్క మాటతో బయటపడేది. కొత్తదాంట్లో మాటే లేదు."

"ముప్పై మూడులో ఎదురుగా ఎవరొస్తున్నారు?"

"పదకొండు దాటాక, నూట ఎనభై మంది ప్రయాణికుల విమానం."

గోడ గడియారం పది యాభై ఆరు చూపిస్తోంది. ముత్యాలావిడ మాట గుమాస్తాకి అప్పుడు అర్థమైంది. పదకొండుకి ఆయన సీట్లో ఉండకూడదు. ఉంటే, అలవాటు కొద్దీ అడుగుతాడు.

"బావా, సీట్లోకి వెళ్లండి. పైలట్‌ని నోటితో అడగండి."

"మైకుల్ని కింది అంతస్తు పరికరాల గదిలోంచి ఆపేశారు. నిన్న ఆ ముత్యాలావిడే..."

గుమాస్తా అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఒక్కో మెట్టుకీ మోకాలు తిట్టింది.

---

పరికరాల గదికి లోపల గడియ పెట్టి ఉంది. స్టోర్‌కీపర్ దగ్గర వెనక తలుపు తాళం ఉంటుందని ముత్యాలావిడకి తట్టలేదు. పెద్ద పెద్ద ముఠాలు స్టోర్‌కీపర్లని లెక్కలోకి తీసుకోవు.

అతను లోపలికి అడుగుపెట్టేసరికి ఆమె చేతిలో చిన్న పిస్తోలుంది. ఆమె వెనక గోడ మీద రేడియో మైకుల మీట, కిందికి దింపి ఉంది. పైన స్పీకరు మూగగా ఉంది. గడియారం పదకొండు గంటల ఒక నిమిషం.

"అక్కడే ఆగండి. జేబులు ఖాళీ చెయ్యండి."

తాళాలు, చేతిరుమాలు, మోకాలి మాత్రలు, పెన్ను బల్ల మీదికొచ్చాయి.

"విసుగొచ్చిందని చెప్పింది నిజమే" అంది ఆమె. "ఇది అయిపోతే రెండు పేర్లూ వదిలేసి ఎక్కడైనా నిద్రపోతాను."

"రెండు విమానాల్లో కలిపి రెండు వందల ఇరవై మందిని చంపి నిద్రపోతారా?"

"మీరు నిద్రపోవడం లేదా?" ఆమె కళ్లు పెన్ను మీద పడ్డాయి. "మీ ల్యాబ్ పెన్ను. నాకు తెలుసు. తుపాకీ పేలిస్తే పైకి వినపడుతుంది. ఇదైతే చప్పుడుండదు." ఎడమచేత్తో పెన్ను తీసి అతని మొహానికి గురిపెట్టి టాప్ నొక్కింది.

ల్యాబ్‌వాడు చెప్పింది అక్షరాలా నిజం. గ్యాసంతా ఆమె మొహం మీదికే కొట్టింది. ఆమె తుమ్మింది, మళ్లీ తుమ్మింది, పిస్తోలు జారిపోయింది. గుమాస్తా దాన్ని కాలితో తన్ని, ఆమెని దాటి, మీట పైకి లేపాడు.

స్పీకరులో బావ గొంతు. అప్పటికి ఎన్నిసార్లు అడిగాడో, అదే ప్రశాంతమైన గొంతు.

"ప్రతినిధుల విమానం, మీ ఎత్తు నోటితో చెప్పండి."

గరగర. ఒక సెకను. రెండు.

"ముప్పై మూడు వేలు. మీ మెసేజ్ ప్రకారమే."

"వెంటనే కుడికి తిరగండి. ఎత్తు మార్చొద్దు. వెంటనే." ఊపిరి తీసుకోకుండానే, "ప్రయాణికుల విమానం, మీరూ కుడికి. వెంటనే."

"తిరుగుతున్నాం."

"తిరుగుతు... ఎదురుగా విమానం! కనిపిస్తోంది! ఎడమ పక్కనుంచి..."

స్పీకరు ఒక్కసారి కీచుమంది. తర్వాత పైలట్ గొంతు, చాలా నెమ్మదిగా: "దాటింది. కిటికీలు లెక్కపెట్టేంత దగ్గర నుంచి దాటింది."

గుమాస్తా నేల మీద కూర్చుండిపోయాడు. ముత్యాలావిడ తుమ్ముతూనే అతని చేతిరుమాలు అడిగింది. ఇచ్చాడు.

---

మధ్యాహ్నానికి అన్నీ తేలాయి. ఎత్తు పెట్టెలో మార్చిన చిప్పు, సిస్టమ్‌లో దాచిన ప్రోగ్రాము, కంట్రోలర్‌కి సూది గుచ్చినవాడితో సహా ముఠావాళ్లు ముగ్గురు. సంతకాలు జరిగాయి. గ్యాలరీలో ఉన్న మంత్రి అదంతా కొత్త సిస్టమ్ ప్రదర్శనలో భాగమనుకుని నిలబడి చప్పట్లు కొట్టాడు.

గుమాస్తా వెళ్లేసరికి బావ తన సీట్లోనే ఉన్నాడు. ఒళ్లోని స్ట్రిప్ మీద ముప్పై మూడు వేలు అని దిద్ది, పక్కన టిక్ పెట్టి ఉంది.

"బావా, మిమ్మల్ని అనుమానించాను."

"నా పెళ్లిలో చెప్పులప్పుడూ అనుమానించావ్. అప్పుడు కరెక్టే." బావ పెన్ను మూత పెట్టాడు. "సర్లే, ఇంకో గొడవొచ్చింది. ఇప్పుడే డైరెక్టర్ పిలిచాడు. సిస్టమంతా మళ్లీ పరీక్షించే దాకా నన్ను వదలరట. రెండేళ్ల పొడిగింపు. ఆర్డరు కూడా వచ్చేసింది."

"మరి నాలుగింటి రైలు?"

"అదే. మీ అక్క సూట్‌కేసు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. నువ్వే చెప్పాలి."

గుమాస్తా ఫోన్ తీసి మెసేజ్ టైపు చేయబోయాడు. బావ చేయి అడ్డం పెట్టాడు.

"మెసేజ్ కాదురా. నోటితో చెప్పు. అవతలి నుంచి ఏమంటుందో నీ చెవులతో విను. అప్పుడు పెడతా టిక్."