306లో దీపం

మా ఫెర్న్‌క్లిఫ్‌లో రైలు దిగి సరస్సు వైపు నడిచేవారు, చీకటి పడితే, ఎల్మ్ వీధి మలుపు రాగానే ఎదుటి కాలిబాట మీదికి మారిపోతారు. కారణం అడిగితే చెప్పరు. కుక్కలను తిప్పేవారు మాత్రం ‘అటువైపు మంచు తక్కువ’ అంటారు... జూలైలో కూడా.

ఆ మలుపులో ఉన్నది శ్మశానం కాదు, పాడుబడిన బంగళా కాదు. సరికొత్త భవనం. నాలుగు అంతస్తులు, ఇరవై నాలుగు ఫ్లాట్లు. ప్రతి వంటగదిలోనూ ఇటలీ పాలరాయి, ద్రాక్షసారా సీసాలు చల్లగా ఉంచడానికి ప్రత్యేకంగా ఒక అల్మరా. పెద్ద ఇళ్ల భారం మోయలేని వృద్ధులు ఎగబడి కొంటారని కట్టారు. వృద్ధులు వచ్చారు, చూశారు, పాలరాతిని వేళ్లతో నిమిరారు, తమ తోటలూ మెట్లూ ఉన్న ఇళ్లకే తిరిగి వెళ్లిపోయారు. మూడేళ్లలో అమ్ముడుపోయింది ఒకే ఒక్కటి.

దానికి చెడ్డపేరు తెచ్చినవాడు ఉత్తరాలు పంచే డ్వేన్. ఒకనాడు మంగలి దుకాణంలో, అద్దంలోకి చూస్తూ, నెమ్మదిగా అన్నాడు: “అక్కడ ఇరవై నాలుగు పెట్టెలున్నాయి. ఉత్తరాలు పడేది ఒక్కదాంట్లోనే. మరి సాయంత్రమైతే పన్నెండు కిటికీల్లో దీపాలేమిటి? ఉత్తరం ముక్క కూడా రానివాళ్లు మనుషులెలా అవుతారయ్యా?”

అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే — ఆ ఫ్లాట్లు అమ్మిపెట్టే బ్రోకరు రస్ హాల్వర్సన్. అసలు సంగతి అతను నాకు చెప్పినట్టే చెబుతాను.

ఇల్లు త్వరగా అమ్ముడుపోవాలంటే సెయింట్ జోసెఫ్ బొమ్మను తలకిందులుగా పెరట్లో పాతిపెట్టడం ఇక్కడి ఆచారం. ఆ భవనానికి పెరడు లేదు. రస్ కింది హాల్లోని పూలకుండీలో పాతాడు. మొక్క చచ్చిపోయింది. అప్పుడతను టైమర్లు కొన్నాడు.

ఖాళీ ఫ్లాట్లలో పన్నెండింటిని ఎంచుకుని, వాటిలో అద్దె సామాను వేయించి, బల్లల మీద మైనపు పండ్లు పెట్టించి, ఒక్కో దీపానికి ఒక్కో టైమరు తగిలించాడు. ఒకటి అయిదుంబావుకి వెలిగేది, ఇంకొకటి అయిదున్నరకి — మనుషులు ఒకరి తరువాత ఒకరు పని నుంచి ఇంటికి చేరుతున్నట్టు. చీకటి భవనంలోకి ఎవరూ తొంగిచూడరు. అతని వృత్తిలో అది తప్పు కింద లెక్కకే రాదు.

ఆ మార్చిలో లొరెయిన్ బ్రాండ్ట్ అనే డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ వచ్చింది. భర్త పోయి ఏడాది. పాలరాయి వైపు చూడను కూడా చూడలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“రస్, నేను మా ఇంట్లో మెట్ల మీద పడితే రెండు రోజుల దాకా ఎవరికీ తెలీదు. ఇక్కడ గోడ అవతల మనిషి ఉంటాడా?”

అతను ఆవిడను ఎదుటి కాలిబాట మీదికి తీసుకువెళ్లాడు. అయిదుంబావు అయింది. 306లో దీపం వెలిగింది.

“మీరే చూడండి లొరెయిన్ గారూ.”

“అంతకంటే ఒక్క మాట కూడా అనలేదండీ,” అన్నాడు నాతో. “చూడమన్నానంతే.”

ఆవిడ 304 కొనుక్కుంది.

నెల తిరగకుండానే 306 గుమ్మం ముందు ఒక పళ్లెం కనిపించింది. అరటిపండు కేకు, దాని మీద చీటీ: ‘పక్కింటివారికి — లొరెయిన్, 304.’ రస్ వంగి చీటీ చదివాడు. వదిలేస్తే బూజు పడుతుంది, ఆవిడకు తెలిసిపోతుంది. తీసుకువెళ్లి కారులో కూర్చుని తిన్నాడు. పళ్లెం కడిగి, ‘చాలా బాగుంది, కృతజ్ఞతలు — 306’ అని రాసి, ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చేశాడు.

“కేకు నిజంగానే బాగుందండీ,” అన్నాడు, తల వంచుకుని. “అదే నన్ను తినేసింది.”

ఆ వేసవిలో మరో నాలుగు కేకులు వచ్చాయి. నాలుగూ తిన్నాడు. నాలుగు చీటీలూ రాశాడు.

నవంబరులో, చలికాలానికని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజున, టైమర్లు సవరించడానికి వెళ్లాడు. మొదటిది చేతిలోకి తీసుకున్నాక వేలు కదల్లేదు. పన్నెండూ పీకి, సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ రాత్రి భవనంలో వెలిగింది 304 ఒక్కటే. అటు చూడలేక అతను వేరే దారిన పోవడం అలవాటు చేసుకున్నాడు.

డ్వేన్ ఆ మాట అన్నది డిసెంబరులో.

ఇప్పుడు అర్థమైందనుకుంటాను, రస్ ఎందుకు నవ్వలేదో. ఆ దీపాలు వెలగడానికి వీల్లేదని తెలిసినవాడు ఊరంతటికీ అతనొక్కడే.

మర్నాడు అయిదింటికి, ఎముకలు కొరికే చలిలో, ఎదుటి కాలిబాట మీద నిలబడ్డాడు. భవనం చీకటిగా ఉంది. అయిదు... అయిదుంబావు...

306లో దీపం వెలిగింది.

కాసేపటికి 308. తరువాత 310. అదే వరస. తను కూర్చిన వరసే.

లిఫ్టులో మూడో అంతస్తుకు వెళ్లాడు. తివాచీ పరిచిన నడవాలో తన అడుగులు తనకే వినబడడం లేదు. 306 తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల దీపం, బల్ల, మైనపు పండ్లు — మనిషి లేడు. కానీ బల్ల దగ్గర ఒక కుర్చీ, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు, వెనక్కి జరిగి ఉంది.

ఎక్కడో ఒక మీట ‘టక్’మంది. ఎవరో గుసగుసగా అంటున్నారు...

“ఇక నువ్వు... ఆ తరవాత నువ్వు...”

రస్ గోడకు అంటుకుపోయాడు. గుసగుస ఆగింది. నడవాలో దీపం ఆరింది. అతని చెవి పక్కన, చాలా దగ్గరగా, ఒక గొంతు:

“బూట్లు విప్పు నాయనా. తివాచీ తెల్లది.”

లొరెయిన్. చేతికర్రతో, ఉన్ని కోటుతో, చేతిలో తాళంచెవుల గుత్తితో.

“మీరా... తాళాలెక్కడివి?”

“పంపులు బాగుచేసేవాడు వస్తే తలుపు తియ్యమని కింది ఫ్లాటు గుమ్మానికి తగిలించిన తాళంచెవి పెట్టె నంబరు నువ్వే చెప్పావు. అన్ని పెట్టెలకీ ఒకటే నంబరు పెట్టావు. బద్ధకస్తుడివి.”

అతను ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తింది.

“అక్టోబరులో స్నానాలగదిలో పడ్డాను, రస్. దువ్వెనతో ఈ 306 వైపు గోడ మీద కొట్టాను. పాపం నిద్రపోతున్నారేమో అనుకున్నాను. తరవాత ఊరికి వెళ్లారేమో అనుకున్నాను. తెల్లారేదాకా కొడుతూనే ఉన్నాను. లేవగలిగాక వచ్చి తలుపు తీసి చూశాను. పండు కొరికితే మైనం. అప్పుడు చీటీలు తీసి చూశాను. పదకొండేళ్లుగా కొత్త సంవత్సరానికి ఊరందరికీ పంపే క్యాలెండర్ మీద శుభాకాంక్షలు నీ చేత్తోనే రాస్తావు. ఆ చేతిరాత నాకు తెలీదా?”

“లొరెయిన్ గారూ, నేను...”

“క్షమాపణలు తరవాత. నేనిక్కడ ఒంటరిగా చావను. ఫ్లాటు అమ్మకానికి పెట్టాను, చర్చిలో కాగితం అంటించి. ఆదివారం ఒక జంట వస్తున్నారు. ఆ అమ్మాయికి ఏడో నెల. మొగుడు వారానికి నాలుగు రోజులు ఊళ్లు తిరుగుతాడు. ఫోన్లో ఏమడిగిందో తెలుసా? పక్కన మనుషులుంటారా అని.”

“మీరేం చెప్పారు?”

“అయిదింటికి వచ్చి చూడమన్నాను.”

“అలా చెయ్యకండి,” అన్నాడు. “ఆ అమ్మాయిని...”

“నన్ను చెయ్యొచ్చా?” ఆవిడ గొంతు లేవలేదు. తాళంచెవుల గుత్తి అతని అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచింది. “ఆ రోజు నేను తలుపు తియ్యడానికి నా ఇంట్లో ఉండాలి కదా. దీపాలు నువ్వు వెయ్యి. రోజూ ఈ వేళకి ఎలా వెలగాలో వాటికి చెప్పి చెప్పి నా గొంతు పోయింది.”

ఆదివారం అతను వెళ్లాడు. ఒక్కో తలుపూ తీశాడు. ఒక్కో మీటా నొక్కాడు. కింద కారు ఆగిన చప్పుడు విన్నాడు.

“వాళ్లు కొన్నారా?” అని అడిగాను.

“కొన్నారు. లొరెయిన్ గారు మిల్వాకీలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. సంతకాల రోజున ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, 306లో ఎవరుంటారండీ అంది. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. లొరెయిన్ గారు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ఆవిడ సంచులు కట్టేసి ఉన్నాయి. ఏదో ఒక పేరు చెప్పాలి...”

“ఎవరి పేరు చెప్పావు?”

అతను వేలు పెదవుల మీద పెట్టుకుని, కుర్చీలోంచి లేచాడు. సాక్సుల కాళ్లతో చప్పుడు లేకుండా గోడ దగ్గరకు వెళ్లి, చెవి ఆనించాడు.

ఇంతవరకూ మీకు ఒక సంగతి చెప్పలేదు. రస్ నన్ను కాఫీకి పిలిచింది తన ఇంటికి కాదు. ఆ 306కే. ఫిబ్రవరి నుంచీ అతని మకాం అక్కడే. మూలన రెండు సూట్‌కేసులు, బల్ల మీద మైనపు పండ్లు. మిగతా కిటికీల్లో దీపాలు వేసేది కూడా అతనే.

గోడ అవతల చప్పుడు లేదు. అతని ముఖం నెమ్మదిగా పాలిపోవడం చూశాను. ఒక నిమిషం... ఇంకొక నిమిషం... నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగబట్టాను.

అప్పుడు, సన్నగా, పసిబిడ్డ ఏడుపు. వెంటనే తల్లి అడుగులు.

రస్ కళ్లు మూసుకున్నాడు.

“ఇక మీరు వెళ్లొచ్చండీ,” అన్నాడు గుసగుసగా. “ఇప్పుడు నాకు కాసేపు నిద్ర పడుతుంది.”