తొంభై మూడు శాతం

చీమకుర్తి రోడ్డు మీద ఉదయం పది గంటలకు ఏజెంట్ సుభానీ బైకును గ్రానైట్ లారీ గుద్దింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు.

మర్నాడు మంగళగిరి నిఘా ఆఫీసులో చీఫ్ శివరామకృష్ణ ఏజెంట్ కోటేశ్వరి ముందు ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"సుభానీ ఆఖరిసారి పంపింది ఇదే. ముఠా మెయిల్స్ నలభై ఉన్నాయి. వాటిని చదవకముందే పోయాడు. మనవాళ్లలో ఎవరో ముఠాకు రాస్తున్నారు."

"మిషన్ ఏంటి సార్?"

"క్లియర్‌చెక్. ముఠా నడిపే ఫ్రీ వెబ్‌సైట్. కాపీలు పట్టే యూనివర్సిటీ టూల్‌లో కాపీ అని వస్తే డిగ్రీ పోతుందని పిల్లలకు భయం. అందుకని ముందే థీసిస్ దీంట్లో వేసి చూసుకుంటున్నారు. అది చెక్ చేయదు, దోచుకుంటుంది. రెండు రోజుల్లో ఒక విదేశీ కంపెనీ ఆ పరిశోధన తన పేరుతో వేసుకుంటుంది. తర్వాత యూనివర్సిటీ టూల్‌లో మన పిల్లలే దొంగలు."

"ఈసారి ఎవరిది?"

"ఫిజా. పీహెచ్‌డీ పిల్ల. నల్ల తామర పురుగును తట్టుకునే మిరప విత్తనం మీద థీసిస్. బ్రాడీపేట బైండింగ్ షాపులో సుభానీ కూర్చున్న సీట్లో నువ్వు కూర్చోవాలి. యూనివర్సిటీ ల్యాబ్‌లో మన ఏజెంట్ రెబ్కా ఉంది. ఆమె వచ్చి కలుస్తుంది."

కోటేశ్వరి పెన్‌డ్రైవ్ అందుకుంది. "సరే సార్" అంది.

షాపులో మూడు రోజులు థీసిస్‌లకు అట్టలు వేసింది. వీధిలో లారీ హారన్ వినపడ్డప్పుడల్లా జిగురు బ్రష్ పక్కన పెట్టి బయటికి చూసేది.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు ఫిజా వచ్చింది. థీసిస్ ఉన్న పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, బైండు చేసిన కాపీ తీసుకుని గుండెకు హత్తుకుంది.

"ఐదింటికి సబ్మిషన్ అక్కా. మా నాన్న చేలో ఆరేళ్లు పెంచిన మొక్కలు. కాపీ అంటే చచ్చిపోతాను. నా చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో!"

కోటేశ్వరి తన చేతులు బల్ల కింద దాచుకుంది.

అప్పుడే చలువ కళ్లద్దాలు, పట్టుచీర, ఖరీదైన సెంటు లోపలికి వచ్చాయి.

"లామినేషన్ ఉందా?"

"కరెంటు ఉంటే ఉంది."

కోడ్ కుదిరింది. రెబ్కా నవ్వి, ఫిజా పెన్‌డ్రైవ్ తీసుకుని షాపు కంప్యూటర్ ముందు కూర్చుంది. "క్లియర్‌చెక్‌లో నేను వేసిపెడతాలే అమ్మాయ్." తర్వాత గొంతు తగ్గించింది. "ఫైల్‌లో ట్రాకర్ పెట్టాను కోటేశ్వరీ. ముఠా సర్వర్ దొరుకుతుంది. చీఫ్ ఒప్పుకున్నారు."

చీఫ్ ఆ మాటే అనలేదు.

కోటేశ్వరి తన ల్యాప్‌టాప్ తెరిచింది. అందులోనూ కాపీ పట్టే టూల్ ఉంది. ముఠా మెయిల్స్ అన్నీ ఎక్కించి ఉన్నాయి. సుభానీ రాకపోకల మీద రెబ్కా ఆఫీసుకు పంపిన రిపోర్టు వాటి పక్కన వేసింది. చక్రం తిరిగింది.

తొంభై మూడు శాతం.

సుభానీ బైకు నంబరు, మలుపు, టైము. ఒకే పేరా ఆఫీసుకూ వెళ్లింది, ముఠాకూ వెళ్లింది. రెబ్కా తన రాతను తనే కాపీ కొట్టింది.

"ఏం చూస్తున్నావ్?"

రెబ్కా వెనకే నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్. మూత తీస్తే లోపల సూది.

"అరవకు. వీధి చివర ఆ లారీనే ఉంది."

అప్‌లోడ్ తొంభై ఒకటి.

"ఒక్క పేరా... మళ్లీ రాయలేకపోయావా?" అని కోటేశ్వరి అడిగింది.

"తీరిక ఎక్కడిదమ్మా?"

తొంభై ఐదు. సూది మెడకు తగిలి చల్లగా ఉంది.

"మేడమ్! ఏం చేస్తున్నారు?" ఫిజా కేక వేసి, మూడొందల పేజీల బైండు రెబ్కా మణికట్టు మీద బలంగా వేసింది. సూది ఎగిరి పడింది.

తొంభై ఎనిమిది.

కోటేశ్వరి గోడ మీది నెట్ వైరు లాగి, పేపర్ కటింగ్ మిషన్‌లో పెట్టి, రెండు చేతులతో హ్యాండిల్ నొక్కింది.

తొంభై తొమ్మిది దగ్గర అప్‌లోడ్ ఆగిపోయింది.

రెబ్కా వీధిలోకి పరుగెత్తింది. కోటేశ్వరి ఫోన్ అందుకుంది. లారీ కదిలేలోపే, వీధిలో కాపలా ఉన్న చీఫ్ మనుషులు డ్రైవర్‌నీ, రెబ్కానీ పట్టుకున్నారు.

ఐదుకు పది నిమిషాల ముందు యూనివర్సిటీ టూల్ ఫిజా థీసిస్‌ను చెక్ చేసింది. కాపీ అర శాతం. పాస్.

ఆ అర శాతం ఎక్కడో చూడాలని కోటేశ్వరికి అనిపించింది. మొత్తం ఒక్క పేజీలోనే ఉంది. గైడ్ గారికి కృతజ్ఞతలు చెప్పే పేజీ.