ఎనభై దగ్గర వణుకు

"అరవైలో బుద్ధిగానే ఉంటుంది. ఎనభై దాటితే స్టీరింగ్ వణికిపోతుంది. నూరు దగ్గర మళ్ళీ ఏమీ ఎరగనట్టు పోతుంది. తీరా మీ షెడ్డుకి తెస్తే, గేటు దగ్గర నంగనాచిలా నిలబడింది!" అందామె, తప్పంతా నాదే అన్నట్టు.

"గేటులోకి ఎనభైలో రావాల్సింది మేడమ్," అన్నాను.

కోపంగా చూసింది. అంతలోనే ఫక్కున నవ్వేసింది. అంతే, నా పని అయిపోయింది.

చినుకుల్లో రోడ్డెక్కాం. ఆమె నడుపుతోంది, నేను పక్కన. ముల్లు ఎనభై దాటగానే స్టీరింగ్ గడగడలాడింది.

"ఈ స్పీడులోనే ఎందుకండీ?"

"ఉయ్యాలని దాని ఊపుకి కలిసేలా తోస్తేనే కదా పెద్దగా ఊగేది? మీ చక్రానికి ఒకపక్క బరువెక్కువైంది. తిరిగినప్పుడల్లా బండిని ఒక తోపు తోస్తుంది. ఎనభైలో ఆ తోపులు బండి ఊపుతో కలుస్తాయి. ఆ స్పీడు దాటితే కలవవు."

"పాఠం బాగుంది. బాగుచేస్తారుగా? నాన్న పోయాక నాకు మిగిలింది ఈ కారే. వణుకు తగ్గకపోతే నెలాఖరుకి అమ్మేస్తానంటున్నాడు అన్నయ్య."

"ఆ పూచీ నాది," అన్నాను.

చక్రాన్ని తిప్పి చూస్తే, తేలికైన పక్క నలభై గ్రాముల సీసం అంటించాలని మెషీన్ చూపించింది. నేను ఇరవై అంటించాను. పూర్తిగా బాగైతే మళ్ళీ ఎందుకొస్తుంది? నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వారానికి మళ్ళీ వచ్చింది. "తగ్గింది కానీ పోలేదు. అసలు పని ఎక్కడ నేర్చుకున్నారు మీరు?" అని వెక్కిరించింది. మళ్ళీ షికారు, మళ్ళీ అయిదు గ్రాములు. మూడోసారి, "ఈ బండికి మీమీద మనసైనట్టుంది, వదలట్లేదు," అని ముఖం పక్కకి తిప్పుకుంది. వచ్చే వారం పూర్తిగా సరిచేసి, నా మనసులో మాట కూడా చెప్పేద్దామనుకున్నాను.

నాలుగోసారి నడిచి వచ్చింది.

"ఆదివారం అమ్మేశాడు. నెలాఖరు దాకా ఆగమంటే వినలేదు. మూడుసార్లు చూపించినా బాగవలేదు, ఇక బాగవదన్నాడు. నా చేత్తోనే తాళాలిచ్చాను." కళ్ళు తుడుచుకుంది. "పాపం, మీరు చాలా కష్టపడ్డారు. థాంక్స్ చెప్పి వెళ్దామని వచ్చాను."

ఆ థాంక్స్‌కి నా గుండె చెరువైంది.

"మొదటిరోజే అయిపోయేది మేడమ్. పది నిమిషాల పని. మీరు మళ్ళీ రావాలని సగమే చేశాను. మీరంటే నాకు ప్రాణం."

ఆమె తన కారు ఎప్పుడూ నిలిపే ఖాళీ చోటుకేసి చూస్తూ నిలబడింది.

"ఎవరు కొన్నారో చెప్పండి. కాళ్ళు పట్టుకునైనా తెస్తాను," అన్నాను.

"వద్దు." ఆమె తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ రమ్మని ఒక్క మాట అంటే వచ్చేదాన్ని కదండీ."

ఇక నావైపు చూడలేదు. గేటు దాటి, బస్సులు ఆగేచోటికి నడిచి వెళ్ళిపోయింది.