రోశమ్మ గుంతలో గాజుల చప్పుడు

మార్కాపురం పలకల గనుల్లో రోశమ్మ గుంత అంటే, పొద్దుగూకినాక కుక్క గూడా తొంగిచూడదు. పలకరాళ్లు మోసే రోశమ్మ మీద అక్కడే బండ కూలి ఏడాదైంది. అప్పటినించీ చీకటిపడితే లోపల్నించి... చిటుక్... చిటుక్... మొగుడు పోయినామెకు గాజులు పగలగొట్టినట్ల! ఆ చప్పుడు విన్నోడి పెండ్లాం ముండమోస్తదని ఊరంతా వణికేది.

తెల్లదొరల కాలంలే. ఆ గుంతకు మాలకొండయ్య మేస్త్రి. మనిషా అది, నల్లమల! దున్నపోతును కొమ్ములు పట్టి విసిరితే దోర్నాల్లో పడిందంట. నమ్మరని సగమే చెప్తున్నా.

"రేపటికి ఆ దెయ్యం సంగతి తేల్చకుంటే గుంతలో కాలు పెట్టం మేస్త్రీ" అని కూలోళ్లు మొండికేసినారు. పని ఆగిందా — దొర ఇంకో మేస్త్రిని పెడతాడు. ఆ రాత్రే నలుగుర్ని వెంటేసుకొని, సమ్మెట భుజానేసుకొని దిగినాడు మాలకొండయ్య.

అడుగున, తూర్పు గోడ కాడ... ఒక ఆకారం. లాంతరు వెలుగులో, బండ పగులుకు అడ్డంగా గాజుముక్క పెట్టి సున్నం మెత్తుతా ఉంది.

దెయ్యం గాదు — రోశమ్మ తమ్ముడు గోవిందయ్య!

"చేతబడా, నా కొడకా!"

మేస్త్రి ఒక్క పిడిగుద్దుకు నాలుగు పళ్లు రాలినాయి. కిందపడేసి చెయ్యి మెలితిప్పితే ఎముక ఎండుకట్టె మాదిరి ఫెళ్లుమనింది.

"చేతబడి గాదు మామా..." నెత్తురు ఉమ్మి గొణిగినాడు గోవిందయ్య. "బండ వెంట్రుకవాసి కదిలినా గాజు పగుల్తది. రోజూ పగిలినవి లెక్కబెడతా. గోడ ఎంత కుళ్లిందో తెలుస్తది. అక్కకు ఎవరూ ముందు చెప్పలా... ఇంకొకరిని మింగనీయను."

"కొండకు నాడి చూసే వైద్యుడివంట్రా?" నవ్వి, సమ్మెట నెత్తిమీదికి ఎత్తినాడు మేస్త్రి.

చిటుక్.

ఎత్తిన సమ్మెట ఎత్తినట్లే ఆగింది.

చిటుక్... చిటుక్ చిటుక్ — వీపు వెనక, పడమటి గోడలోనించి. చేతులనిండా గాజులు ఒక్కసారే బండకేసి కొట్టినట్ల!

"పరుగెత్తండ్రా!"

సమ్మెట పారేసి, గోవిందయ్యను మేకపిల్ల మాదిరి భుజానేసుకొని, అరవై మెట్లు ఆరంగల్లో ఎక్కినాడు మాలకొండయ్య. వెనకనే పడమటి గోడ విరుచుకుపడింది. వెంటొచ్చిన నలుగుర్లో చివరన ఎక్కుతున్న కాశయ్య పాదం బండకింద నుజ్జయింది. లాగితే మనిషి వచ్చినాడు, పాదం రాలేదు. ఆ మోతకు గిద్దలూరులో రైలే ఆగిందంట!

గట్టుమీద చతికిలబడి, మేస్త్రి గోవిందయ్య గడ్డం పట్టుకున్నాడు.

"తప్పయింది అల్లుడా. నీ గాజులే అరవకుంటే ఆరుగురం ఆడనే సమాధి."

గోవిందయ్య గుంతలోకే చూస్తున్నాడు. విరిగిన చెయ్యి వేలాడతా ఉంది.

"మామా... నా గాజులు తూర్పు గోడకే చాల్లేదు."

"అంటే?"

"పడమటి గోడకు... ఒక్కటి గూడా అతికించలేదు."