గురువారం తవ్విన గుంట

మిట్టమధ్యాహ్నం... నీడలు కాళ్ల కిందికి ముడుచుకుపోయే ఘోరవేళ! అందులోనూ గురువారం... భూమాత అసాసే యా విశ్రమించే దినం! ఆ రోజున అసాంతె జనం గడ్డమీద పలుగు పట్టేవాడుండడు. కానీ యజమాని ఒపోకు నడిపే పామాయిల్ మిల్లులో పొద్దుటినుంచీ మట్టి ఎగురుతూనే ఉంది. మదం తలకెక్కినవాడికి వారమేమిటి, వర్జ్యమేమిటి!

మిల్లుకు, పాతదానికన్నా మూడింతల బరువున్న కొత్త యంత్రం వచ్చింది. పాత కాంక్రీటు దిమ్మ చాలక, దాన్ని ఆనించి పక్కన మరో దిమ్మ పోశారు. రెండుసార్లు పోస్తే రెండుసార్లూ అతుకు దగ్గరే పగిలింది. పాత దిమ్మ ముఖాన్ని ఉలితో గరుకు చేసి, ఇనుప కడ్డీలు దిగ్గొడితేనే కొత్తది పట్టుకుంటుందని మేస్త్రీ అసియామా నెత్తీ నోరూ బాదుకున్నాడు. అది వారం రోజుల పని. ఒపోకు వినలేదు... మంత్రగాడు గ్యాంఫిని పిలిపించాడు!

పాత దిమ్మ పక్కన తవ్వుతున్న గుంట అంచున గ్యాంఫి ఓ మనిషి కపాలాన్ని నిలిపాడు.

"నరబలి కావాలి దీనికి! నిలువెత్తు లోతు తవ్వండి... దిమ్మ కిందికంటా!"

"కింద మట్టి తీస్తే దిమ్మ విరిగి పడుద్ది, పెద్దాయనా!" అన్నాడు అసియామా యజమానితో.

"నోర్ముయ్! నీ చేతకానితనం వల్లే ఈ తిప్పలు!" ఒపోకు కసిరాడు.

గ్యాంఫి వికృతంగా నవ్వాడు. "నోరెత్తినవాడి ఇంటి మనిషే బలి!"

కూలీలు దిమ్మ కిందికంటా తవ్వేశాక గ్యాంఫి పెదవులు కదిలాయి... కపాలంలోంచి నల్లని ధూమం లేచింది... పామ్ పళ్లు ఉడుకుతున్న పొయ్యి దగ్గరనుంచి మేస్త్రీ భార్య పోకువా లేచింది. నిండు చూలాలు! కనుగుడ్లు తెల్లబడి, గుంటవైపు నడిచింది!

"పోకువా! ఆగవే! నేనే!" అసియామా ఆమెను వాటేసుకున్నాడు. నలుగురు కూలీలు అతణ్ణి లాగి అదిమి పట్టారు. నిన్నటిదాకా అతని పళ్లెంలో చెయ్యిపెట్టి ఫూఫూ ముద్ద తిన్న ద్రోహులే వాళ్లు!

గ్యాంఫి గుంటలోకి దిగి చేతులు చాచాడు. "రా... రా!"

ఆమె పాదం తవ్విపోసిన మట్టిని తాకింది. అంతే, ఆగిపోయింది! చెట్లమీద పిట్టలన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి. ఆమె నోట వెలువడిన స్వరం మాత్రం ఆమెది కాదు...

"ఎవడ్రా... నా రోజున నన్ను తవ్వింది?"

గ్యాంఫి మంత్రం తడబడింది. "నీ... నీ కళ్లు కట్టేశానే!"

"కళ్లు కడతావా? నువ్వు నిలబడింది నా మీదే కదరా!"

ఫెళఫెళారావం! అడుగున ఆసరా లేని పాత దిమ్మ అంచు విరిగి గుంటలోకి కూలింది... గ్యాంఫి కేక సగంలోనే తెగిపోయింది!

పోకువా కూలబడింది. అసియామా విదిలించుకుని పరుగెత్తి ఆమె కడుపుమీద చెయ్యి వేశాడు. లోపలి బిడ్డ తన్నింది. అతను బావురుమన్నాడు.

ఒపోకు గుంటలోకి తొంగిచూసి అన్నాడు. "సరే... బలి అయిపోయిందిగా. కాంక్రీటు పోసెయ్యండి!"

పోకువా తలెత్తింది. ఈసారి గొంతు ఆమెదే.

"ఆ పెంటని మా తల్లి కడుపులో పెడతావా? బయటికి తీయించు! రేపు ఉలి నువ్వే పడతావ్!"

శుక్రవారం శవాన్ని వెలికితీశారు. ఏ అభాగ్యుడిదో, ఆ కపాలాన్ని గౌరవంగా పాతిపెట్టారు. అసియామా దిమ్మ కింది ఖాళీని నింపి, కడ్డీలు కోసుకుంటున్నాడు. చేతులు బొబ్బలెక్కిన ఒపోకు ఉలి దించి దీనంగా చూశాడు.

పోకువా ముక్కాలిపీట ముందుకు జరుపుకుని, దిమ్మను వేళ్లతో తడిమింది.

"ఇంకా నున్నగానే ఉంది, పెద్దాయనా. కొట్టు!"