‘వద్దు’ అనలేని ఇల్లు

తెల్లవారేసరికే లరాస్ చేతులు ఆకుపచ్చగా అయిపోతాయి. ఆకుల పసరు పోసి కలిపిన బియ్యప్పిండిని బొటనవేలంత ఉండలు చేసి, లోపల బెల్లం కొబ్బరి కూరి, అరిటాకు పరిచిన మట్టి పెనం మీద అదిమి కాలుస్తుంది. ఆ చిన్న బిళ్ళలే కిపోలు. వాళ్ళుండే వెండి పనివాళ్ళ పేట కోతాగెదేలో పొద్దున్నే ఆ వాసన ముక్కుకి తగలకపోతే తెల్లవారినట్టే ఉండదు. ఆ రోజు కిటికీ బయట పొగమంచూ, పెనం మీద ఆవిరీ కలిసిపోయి, ఇల్లంతా ఇంకా నిద్రలోనే ఉన్నట్టుంది.

అరుగు మీద ఆమె తొమ్మిదేళ్ళ కూతురు సెకార్ ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, గడ కొసన వేలాడే గువ్వ పంజరం కేసి చూస్తూ కూర్చుంది.

“ఒంటి సాక్సుతోనే వెళ్తావుటే బడికి?” లోపల్నించి కేకేసింది లరాస్.

“అమ్మా, గువ్వ కూత గోడ దాటాక ఎక్కడికి పోతుంది?”

“ఎక్కడికి పోతుంది, పక్కింటి వాళ్ళ చెవుల్లోకి పోతుంది. సాక్సు!”

“ఆ తరవాత?”

ఆ తరవాత ఏమవుతుందో లరాస్‌కీ తెలియదు. పిల్ల అడిగాక మాత్రం ఆ రోజంతా అదే ఆలోచిస్తూ కూర్చుంటుంది. తల్లీకూతుళ్ళిద్దరికీ అదే జబ్బు.

కాకపోతే తల్లికి మార్కులు వెయ్యరు, పిల్లకి వేస్తారు. కిందటి వారం టీచరమ్మ లరాస్‌ని పిలిపించింది. “మీ అమ్మాయి బంగారమండీ. అల్లరి లేదు, ఎదురు చెప్పదు. అర్థమైందా అంటే అయిందంటుంది. తీరా లెక్కల పరీక్ష పెడితే తెల్ల కాగితం ఇస్తుంది. మనిషి ఇక్కడే ఉంటుంది గానీ మనసెక్కడుంటుందో నాకు తెలీడం లేదు” అంది. లరాస్ తలొంచుకుని, “అలాగేనండీ, చూస్తానండీ” అనేసి వచ్చింది.

ఆ మాట సందులో ఎలా పాకిందో ఏమో, పిల్ల బడికి వెళ్ళిందో లేదో పక్క వీధి రెత్నో ఊడిపడింది. ఆడవాళ్ళ చీటీపాటలో లరాస్‌కి జత, ఇల్లిల్లూ తిరిగి ఏదో ఒకటి అమ్మే మనిషి. ఒక చేతిలో మూతపెట్టిన గిన్నె, ఇంకో చేతిలో కాగితాలు.

“కొబ్బరిపాల అన్నం చేశాను వదినా, మీకని తెచ్చా. కూర్చో, కూర్చో, నేను వచ్చింది మన సెకార్ గురించే. ఇంటి ట్యూషన్ ప్యాకేజీ వదినా! సంవత్సరం కోర్సు. వారానికి నాలుగు సాయంత్రాలు మాస్టారు ఇంటికే వస్తాడు. పాఠాలన్నీ ఉన్న ట్యాబ్ కూడా వాళ్ళే ఇస్తారు. ఒక్కసారి చేరామంటే మధ్యలో మానేయడానికి మాత్రం లేదు. మానేసే పనేముంది? పిల్ల ఎలా తయారవుతుందో నువ్వే చూద్దువు గాని!”

“సాయంత్రాలంటే... ఎప్పుడు?”

“ఇంకెప్పుడు, చదువు గంటలోనే.”

లరాస్ చేతిలోని గిన్నె కేసి చూసుకుంది.

ఆ సందుకి ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం నమాజు అయ్యాక ఒక్కొక్క ఇంట్లోనూ టీవీ ఆగిపోతుంది. బళ్ళ మీద వచ్చేవాళ్ళు సందు మొగలోనే ఇంజను ఆపేసి తోసుకుంటూ వస్తారు. అది పిల్లల చదువు గంట. పెద్దవాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ నిశ్శబ్దంలో ప్రతి కిటికీలోంచీ పిల్లల చదువు సన్నగా వినిపిస్తుంది, దూరాన ఎక్కడో వాన పడుతున్నట్టు.

లరాస్ ఆరో తరగతితో బడి మానేసి పెనం ముందు కూర్చున్న మనిషి. ఆ గంటలో మాత్రం కూతురి పక్కన చాప మీద కూర్చుని, మర్నాటికి కొబ్బరి తురుముతూ, మధ్యమధ్య ప్రశ్నలడుగుతూ వింటుంది. అగ్నిపర్వతాలు ఎలా పుడతాయో, తాబేళ్ళు పుట్టిన ఒడ్డుకే ఎలా తిరిగొస్తాయో సెకార్ చదువుతుంటే ఆమె చేతిలో కొబ్బరి చిప్ప అలాగే ఉండిపోతుంది. రోజు మొత్తంలో ఆమె తనదనుకునేది ఆ ఒక్క గంట. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. తల్లి సరదా కోసం పిల్లకి మాస్టారు వద్దందంటే లోకం నవ్వదూ?

“ఆయన్ని అడిగి...” అంది లరాస్.

“దారిలో అన్నయ్యని అడిగేశాను! ‘లరాస్ ఎలా అంటే అలా’ అన్నాడు. మీ అత్తగారు అరుగు మీదే ఉన్నారుగా, ఆవిడ ‘మా వాడికి ఇష్టమైతే నాకూ ఇష్టమే’ అన్నారు. ఇక నీ నోటి మాటే!”

ఇక్కడి మనుషుల సంగతి చెప్పాలి. ప్రాణం మీదికొచ్చినా సరే, ఎదటి మనిషి మొహం మీద ‘వద్దు’ అనరు. అందులోనూ గిన్నెడు అన్నం చేతిలో పెట్టాకనా!

“అలాగే” అంది లరాస్.

“సోమవారం నమూనా పాఠం. ఆ మర్నాడు సంతకం” అని రెత్నో గాల్లో తేలిపోతూ వెళ్ళింది.

సోమవారం సాయంత్రం వాన. మాస్టారు ఆర్యో తడిసి ముద్దై వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, నెమ్మదైన మనిషి. లరాస్ తువ్వాలు ఇచ్చింది, టీ ఇచ్చింది. చాప తీసేసి కుర్చీలు వేశారు. ఆమె కొబ్బరి చిప్పలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ తనదైన గంటలో తనకి చోటు లేకపోవడం ఇదే మొదలు. వాన చూరు మీంచి దారాలు దారాలుగా కారుతోంది. కొబ్బరి తురుముతుంటే కళ్ళు ఎందుకో మసకలు కమ్ముతున్నాయి.

“భిన్నాలు కలపాలంటే కింది అంకెలు ముందు సమానం చెయ్యాలమ్మా. అర్థమైందా?” ముందు గదిలోంచి మాస్టారి గొంతు.

“అయిందండీ.”

“వెరీ గుడ్. మరి ఇది?”

“అయిందండీ.”

“ఇదీ?”

“అయిందండీ.”

లరాస్ చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. మెత్తగా, వినయంగా, చివర కొంచెం సాగుతూ ఉండే గొంతు. అది సెకార్ గొంతు కాదు, తనది. రెత్నోతో ‘అలాగే’ అన్నది అదే గొంతు. టీచరమ్మతో ‘చూస్తానండీ’ అన్నదీ అదే.

మాస్టారు వెళ్తూ గుమ్మంలో లరాస్ మొగుడు జాత్మికోతో, “చాలా చురుకైన పిల్లండీ, చెప్పింది చెప్పినట్టు పట్టేసింది” అన్నాడు మనస్ఫూర్తిగా.

జాత్మికో వెండి పనివాడు, మాట తక్కువ మనిషి. లోపలికొచ్చి, “విన్నావుగా లరాస్. రేపు సంతకం పెట్టేద్దామా మరి?” అన్నాడు. ఆ అడగడంలో ఉత్సాహం ఏమీ లేదు.

లరాస్ వెళ్ళి కూతురి ముందు నేల మీద కూర్చుంది.

“సెకార్, మాస్టారు చెప్పింది నాకు చెప్పవే.”

పిల్ల తల వంచుకుంది.

“ఒక్క ముక్క చెప్పు తల్లీ. కింది అంకెలు ఎందుకు సమానం చెయ్యాలిట?”

“తెలీదు.”

“మరి అయిందండీ, అయిందండీ అన్నావు?”

సెకార్ కళ్ళ నిండా నీళ్ళు. “అంత వానలో వచ్చారు కదమ్మా. అర్థం కాలేదంటే ఆయనకి కష్టంగా ఉండదూ?”

“మరి బళ్ళోనో? టీచరమ్మ వానలో రాలేదుగా!”

“టీచరమ్మ అంత ఇదిగా చెప్తారు. అందరూ అయిందంటారు. నేనొక్కదాన్నీ కాలేదంటే బావుండదు కదా... నువ్వూ అనవుగా!”

మూల కూర్చున్న అత్తగారు తుమీరా మామ్మ వక్కాకు నమలడం ఆపేసింది. జాత్మికో గోడకి చేరగిలబడ్డాడు.

“పోనీలే లరాస్, చిన్నపిల్ల” అన్నాడు మెల్లగా. “మాస్టారు రోజూ వస్తుంటే అదే అలవాటవుతుంది.”

“ఏం అలవాటవుతుంది? అయిందండీ అనడమే అలవాటవుతుంది!” లరాస్ గొంతు పెరిగింది. చదువు గంటలో ఆ సందులో అంత గొంతు ఎవరూ విని ఉండరు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది కూడా. “సంవత్సరం పొడుగునా వారానికి నాలుగు సాయంత్రాలూ ఆయన చెప్తాడు, ఇది తలూపుతుంది! పిల్ల మనసు ఎక్కడికీ పోలేదండీ. నోరు పోయింది. ఎక్కడ పోయిందనుకున్నారు? మన ఇంట్లోనే పోయింది. నాకు ఈ మాస్టారు వద్దు!”

ఆ మాట అన్నాక తనే అదిరిపడింది. అత్తగారి ముందు, మొగుడి మొహం మీద ‘వద్దు’! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“వద్దా?” అన్నాడు జాత్మికో తెల్లబోయి. “నువ్వే కదా కావాలన్నావని...”

“నేనా? మీరు రెత్నోతో సరేనన్నారని కదా నేను ఒప్పుకున్నది!”

“సరే అనలేదు! నీ ఇష్టం అన్నాను. చీటీపాట ఆడవాళ్ళ మధ్య పిల్ల మార్కులు నీకు నామోషీగా ఉన్నాయేమో, కాదంటే నొచ్చుకుంటావేమో అని...” అతను నేల చూపులు చూశాడు. “నాకైతే ఇష్టం లేదు. సాయంత్రం బండి తోసుకుంటూ వస్తానా, మన గుమ్మం బయట కాసేపు నిలబడతాను. లోపల మీ ఇద్దరి చదువూ వినిపిస్తుంటుంది. అది విన్నాకే లోపలికి వస్తాను. లోపలికొస్తే ఆపేస్తారని. ఇవాళ కూడా నిలబడ్డాను. నీ గొంతు లేదు.”

లరాస్‌కి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి గుమ్మం అవతల ఉన్నాడని ఆమెకి తెలియనే తెలియదు.

“ఓరి మీ ఇల్లు బంగారంగాను!” అంది తుమీరా మామ్మ. “నేనూ వాడి కోసమే ఊఁ అన్నానర్రా! పరాయి మనిషి రోజూ వస్తుంటే, సాయంత్రం పూటంతా ఇలా కాళ్ళు ముడుచుకుని మూల కూర్చోవాలేమోనని నాలో నేనే కుమిలిపోతున్నాను. సరే, ఎలాగూ నోళ్ళు విప్పారు గనక నాదీ ఒకటి వినండి. కోడలా, నువ్విచ్చే టీ ఉంది చూశావూ?”

“ఏమైంది అత్తయ్యా?”

“పానకం! నువ్వు కాపురానికొచ్చిన నాటినుంచీ తాగుతున్నాను. ఇక నా వల్ల కాదు.”

ముందు జాత్మికో పగలబడి నవ్వాడు, తరవాత సెకార్. లరాస్ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఎదురింటి కిటికీలోంచి, “చదువు గంటర్రా!” అని కసురు వినిపించింది.

మర్నాడు పొద్దున్నే లరాస్ రెత్నో గిన్నె నిండా వేడి వేడి కిపోలు సర్దింది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మర్యాద కాదు. దారి పొడుగునా చెప్పాల్సిన మాట వల్లెవేసుకుంది.

“వదినా, మాస్టారు మంచివాడే. తప్పంతా మా ఇంట్లోనే ఉంది, ముందు అది మేం దిద్దుకోవాలి. ప్యాకేజీ మాకు వద్దు. ఆ రోజే అనాల్సిన మాట ఇవాళంటున్నాను, ఏమీ అనుకోకు.”

రెత్నో గిన్నె కింద పెట్టి ఆమె మొహంలోకి చూసింది. మొహం చిన్నబోయిన మాట నిజమే. చివరికి ఒక కిపో తీసి నోట్లో వేసుకుని, “నీకు దణ్ణం పెట్టాలి వదినా” అంది.

“అదేం మాట?”

“ఈ వీధి వీధంతా నాతో ‘అలాగే’ అంటారు. మర్నాడు నేను వెళ్తే తలుపు గడియ! ఇంట్లో ఉండి కూడా లేరని పిల్లల చేత చెప్పిస్తారు. వద్దని మొహం మీద చెప్పిందానివి నువ్వొక్కదానివే. ఇక నీ ఇంటికైనా తిన్నగా రావచ్చు.”

ఇద్దరూ గిన్నె మధ్యలో పెట్టుకుని కిపోలు అయిపోయేదాకా అక్కడే కూర్చున్నారు.

ఆ సాయంత్రం మళ్ళీ చాప పరిచారు. నమాజు అయింది, టీవీలు ఒక్కొక్కటే ఆగాయి. కడిగిన ఆకాశంలో ఇంకా కొంచెం వెలుతురు ఉంది. తుమీరా మామ్మ చక్కెర లేని టీని గుక్క గుక్కకీ మెచ్చుకుంటూ తాగుతోంది. గుమ్మం బయట బండి స్టాండు వేసిన చప్పుడు. ఈసారి లరాస్ తలెత్తి, “లోపలికి రండి, ఆపేయంలే!” అంది. జాత్మికో సిగ్గుపడుతూ వచ్చి చాప కొసన కూర్చున్నాడు.

సెకార్ పుస్తకం తెరవలేదు. గువ్వ పంజరం కేసే చూస్తూ, “అమ్మా, ఇవాళ చెయ్యెత్తాను” అంది.

లరాస్ చేతిలో కొబ్బరి చిప్ప ఆగింది. “ఎందుకు?”

“టీచరమ్మ అర్థమైందా అన్నారు. కాలేదండీ అన్నాను.”

“టీచరమ్మ ఏమంది?”

“ముందు నన్నే చూశారు. అప్పుడు వెనక బెంచీలో ఇంకొకళ్ళు చెయ్యెత్తారు. తరవాత ఇటు పక్కన, అటు పక్కన... చాలామందికి అర్థం కాలేదమ్మా! ఎవ్వరూ చెప్పలేదంతే. టీచరమ్మ నవ్వేసి మళ్ళీ మొదట్నించీ చెప్పారు.”

సందంతా నిశ్శబ్దం. లరాస్ నాలుక చివరిదాకా వచ్చిన మాట ఆపుకోలేక అడిగింది. “మరి ఇప్పుడు అర్థమైందా తల్లీ?”

గువ్వ ఒక్కసారి కూసింది. సెకార్ ఆ కూత గోడ దాటి పోయేదాకా విని, బాగా ఆలోచించి, తల్లి కళ్ళలోకి చూసింది.

“కొంచెం” అంది.

లరాస్ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, ఆకుపచ్చ చేతుల కొబ్బరి దాని జుట్టుకి అంటుకుంటుందని కూడా చూసుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది.